నల్లా వచ్చే వేళ

ఆదివారం చిక్కడపల్లి లైబ్రరీ మేడ మీద
ఒక పిల్ల లేచి అడిగింది,
"సార్, మీకు ప్రేరణ ఎక్కడ్నుంచి వస్తుంది?"
గొంతు సవరించుకున్నాను.
వేదన అన్నాను, మట్టి అన్నాను,
ఆకాశం కూడా అన్నాననుకుంటా.
చప్పట్లు కొట్టారు.
తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని
ముషీరాబాద్ దాకా సిగ్గుపడ్డాను.

వారాసిగూడలో మా సందుకంతా ఒకటే నల్లా.
రోజు విడిచి రోజు వస్తుంది,
తెల్లారగట్ల నాలుగింటికి, వస్తే.
బుచ్చిలింగం తన ఎత్తున్న ఇనుప తాళంచెవితో
మలుపులో మూత ఈడ్చి, నడుం వంచి,
పద్దెనిమిది చుట్లు తిప్పుతాడు.
లెక్కపెట్టాను. ఏ ఛందస్సుకీ అందదు.

నీళ్లు వెంటనే రావు.
ముందు గాలి.
గొట్టంలో ఎవరో దగ్గుతారు,
ఏదో చెప్పబోయి ఆగిపోతారు.
తర్వాత ఎర్రగా, తుప్పు వాసనేస్తూ
రెండు చెంబుల నీళ్లు.
వాటిని పారబోయాలని తెలియడానికి
నాకు ఇరవై ఏళ్లు పట్టింది.
నా మొదటి పుస్తకం నిండా అవే.

రాసేది కరెంటు బిల్లు వెనక.
సన్నటి కాగితం, పాదం దానంతటదే విరుగుతుంది.
వేసవి బిల్లు మీద మాత్రం రాయలేను,
అంకె చూశాక మాట రాదు.

ఇంకోటుంది. ఆ పిల్లకు చెప్పనిది.
మూడేళ్ల కిందట నాకు శాలువా కప్పించిన కవితలో
అందరూ మెచ్చిన వాక్యం:
"ఎండిన నల్లా ఏడవడం కూడా మర్చిపోయింది."
అది నాది కాదు.
ఎదురింటి ఖైరున్నీసా మే నెలలో
ఖాళీ డ్రమ్ము మీద కూర్చుని
ఎవరితోనూ కాకుండా ఉర్దూలో అన్న మాట.
నేను గోడకివతల పళ్లు తోముకుంటున్నాను.
నురగ ఉమ్మకుండానే లోపలికి పరుగెత్తి
రాసుకున్నాను.

మొన్న ఉండబట్టలేక వెళ్లాను.
ఆమె గడపలో మెంతికూర తుంచుతోంది.
నా వాక్యాన్ని నాకొచ్చిన ఉర్దూలో
కుంటుకుంటూ వినిపించాను.
ఆమె తనకొచ్చిన తెలుగులో అంది,
తలెత్తకుండానే,
"నల్లా ఎందుకేడుస్తది భాయ్?
నేనన్నది మా నుజత్‌ని.
ఆ ఏడే కదా దాని మగడు పోయింది.
ఏడుసుడు గూడ మర్శిపోయింది అన్న."

తెలుగులో
ఆడమనిషికీ వస్తువుకీ క్రియ ఒక్కటే.
ఎదురుగా ఎండిన నల్లా కనిపిస్తుంటే
అదనుకున్నాను.
లోపల, పరదా వెనక, ఆమె ఉంది.

ఖైరున్నీసా కోప్పడలేదు.
ఒక కట్ట నా ముందుకు తోసింది, తుంచమని.
ఆకు ఒక పక్క, కాడ ఒక పక్క,
ఇద్దరం చాలాసేపు తుంచాం.
పరదా వెనక కుట్టు మిషన్
నడుస్తూ, ఆగుతూ, నడుస్తూ.
వేళ్లకంటిన చేదు
రాత్రి అన్నం కలిపేటప్పుడూ ఉంది.

వాక్యాన్ని దిద్దలేదు.
ఏమని దిద్దను?
తప్పుగా విన్నప్పుడు ఆగకుండా రాశాను.
సరిగ్గా విన్నాక
నాలుగు బిల్లులు ఖాళీగా పోయాయి.

ఆ పిల్ల మళ్లీ కనిపిస్తే బావుణ్ను.
పేరడగలేదు. భుజాన నీలం సంచి,
దాని జిప్పు చెడిపోయి పిన్నీసు పెట్టుకుంది.
అది చూశాను గానీ,
ఆమె అడిగినప్పుడు గొంతెందుకు వణికిందో
వినలేదు.

ఇవాళ నల్లా రోజు.
మూడూ యాభై. బల్ల మీద బిల్లు, బిల్లు మీద పెన్ను.
మలుపులో ఇనుప మూత ఈడ్చిన చప్పుడు.
ఒకటి, రెండు, మూడు...
గొట్టంలో దగ్గు మొదలైంది.
ఏదో మాట నాలుక దాకా వస్తోంది,
ఎర్రదో తెల్లదో ఇంకా తెలీదు.

ఎదురింట్లోంచి ఎవరో డ్రమ్ము దొర్లించుకొస్తున్నారు.
ఖైరున్నీసా అడుగు కాదు,
అంతకంటే తేలిక.
పెన్ను మూత పెట్టి, బిందె తీసుకుని బయటికొస్తాను.
ఇవాళ మొదటి వరస నాదే.
"ముందు నువ్వు పట్టుకోమ్మా" అంటాను.